మన రౌటర్ మన చేతిలో – 3వ పాఠం: లాగిన్ పేజీ తెరుచుకోకపోతే

పోయిన పాఠంలో రౌటర్ వెనకున్న పోర్టులు, ముందున్న లైట్లు చూశాం. ఇవాళ లోపలికి, అంటే బ్రౌజర్‌లో తెరుచుకునే రౌటర్ సెట్టింగ్స్ లాగిన్ పేజీలోకి వెళ్దాం. ముందే ఒక మాట గట్టిగా చెప్పేస్తున్నాను: ఈ పాఠం చివరిదాకా చదివేవరకు రౌటర్ వెనకున్న రీసెట్ బొత్తాం జోలికి వెళ్లకండి. లాగిన్ పేజీ రాలేదనగానే పిన్ను తెచ్చి దాన్ని నొక్కేసేవాళ్లు చాలామంది, ఆ తర్వాత ఇంట్లో నెట్ మొత్తం ఆగిపోయి అసలు టెన్షన్ అప్పుడు మొదలవుతుంది. తప్పు చాలావరకు రౌటర్‌లో ఉండదు. మనం కొట్టిన అడ్రస్‌లోనో, మన ఫోన్ పట్టుకున్న దారిలోనో ఉంటుంది.

అడ్రస్ సంగతి ముందు తేల్చుకుందాం. ఎవరిని అడిగినా 192.168.1.1 అంటారు. మీ రౌటర్‌ది అదే కావాలని రూలేం లేదు. చాలా వాటికి 192.168.0.1 ఉంటుంది, మైక్రోటిక్ అయితే 192.168.88.1, షావోమీ అయితే 192.168.31.1, కొన్నింటికి 10తో మొదలయ్యే నంబర్లూ ఉంటాయి. ఇవన్నీ ఇళ్లలో, ఆఫీసుల్లో లోపల మాత్రమే వాడుకోవడానికి విడిగా పెట్టిన నంబర్లు కాబట్టి తయారీ కంపెనీ తనకు నచ్చింది ఎంచుకుంటుంది. అందుకే ఒక్కోటీ కొట్టి చూస్తూ కూర్చోవద్దు, మీ కంప్యూటర్‌నే అడగండి. అది నెట్‌వర్క్‌లో చేరినప్పుడే రౌటర్ దానికో నంబర్ ఇచ్చి, బయటికి వెళ్లాలంటే నా అడ్రస్ ఇదీ అని కూడా చెప్పి ఉంటుంది. దాన్నే గేట్‌వే అంటారు. మనకు కావాల్సింది అదే.

విండోస్‌లో స్టార్ట్ మెనూలో సీఎండీ అని వెతికి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. అందులో ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో స్పేస్ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కితే బోలెడు లైన్లు వస్తాయి. కంగారు పడకండి. మీడియా డిస్‌కనెక్టెడ్ అని ఉన్న భాగాలన్నీ వదిలేసి, ఐపీవీ4 అడ్రస్ అనే లైన్ ఉన్న భాగం దగ్గర ఆగండి. అక్కడ 192.168.0.104 లాంటిది కనిపిస్తే అది మీ కంప్యూటర్ నంబర్. దాని కింద డీఫాల్ట్ గేట్‌వే పక్కన ఉన్నది రౌటర్‌ది, ఉదాహరణకు 192.168.0.1. ఒక్కోసారి గేట్‌వే దగ్గర రెండు లైన్లు ఉంటాయి, పైన ఎఫ్ఈ80తో మొదలయ్యే పొడుగాటిది, కింద చుక్కలున్న మామూలు నంబర్. మనకు చుక్కలున్నదే కావాలి. చాలామంది పైదాన్ని కాపీ చేసి ఇక్కడే ఇరుక్కుపోతారు.

ఐఫోన్‌లో వైఫై పేరు పక్కనున్న ఐ గుర్తు నొక్కితే రౌటర్ అనే లైన్ ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో వైఫై సెట్టింగ్స్‌లో మీరు కనెక్ట్ అయిన పేరు వివరాల్లోకి వెళ్తే గేట్‌వే కనిపిస్తుంది. లినక్స్ వాడేవాళ్లు ఐపీ రూట్ అని కొడితే డీఫాల్ట్ వయా తర్వాత వచ్చేది అదే.

గేట్‌వే ఖాళీగా ఉండి, మీ నంబరేమో 169.254తో మొదలైందా? అంటే మీ కంప్యూటర్ నంబర్ కావాలని అడిగింది, ఎవరూ జవాబివ్వలేదు, తనంతట తనే ఒకటి పెట్టుకుంది. అప్పుడు బ్రౌజర్‌తో కుస్తీ పట్టి లాభం లేదు. కేబుల్ ల్యాన్ (LAN) అని రాసిన పోర్టులోనే ఉందా చూడండి, బయటి నెట్ తీగ కోసం ఉన్న వ్యాన్ (WAN) పోర్టులో పెట్టేస్తే ఇలాగే అవుతుంది. కేబుల్ తీసి పెట్టి, రౌటర్ ఒకసారి ఆపి ఆన్ చేసి మళ్లీ చూడండి.

అడ్రస్ దొరికాక దాన్ని బ్రౌజర్‌లో పైనున్న అడ్రస్ బార్‌లోనే కొట్టాలి. సెర్చ్ పెట్టెలో కొడితే ఆ నంబర్ గురించి రాసిన సైట్లు వస్తాయి, వాటిలో కొన్ని లాగిన్ పేజీలా కనిపించేలా ముస్తాబై ఉంటాయి కూడా. వాటిలో పాస్‌వర్డ్ కొట్టొద్దు. నంబర్ ముందు డబ్ల్యూలు అక్కర్లేదు, 1 అంకె బదులు చిన్న ఎల్ పడకుండా చూసుకోండి. అప్పటికీ సెర్చ్ ఫలితాలే వస్తుంటే ముందు హెచ్‌టీటీపీ, కోలన్, రెండు స్లాష్‌లు పెట్టి కొట్టండి. కనెక్షన్ సురక్షితం కాదని బ్రౌజర్ హెచ్చరిస్తే, పైనున్న అడ్రస్ మీ గేట్‌వేతో అంకె అంకె సరిపోయిందో లేదో చూసుకుని ముందుకెళ్లొచ్చు. ఇంటి రౌటర్లు తమ సర్టిఫికెట్‌ను, అంటే బ్రౌజర్‌కు చూపించే గుర్తింపు పత్రాన్ని, తామే తయారు చేసుకుంటాయి కాబట్టి ఆ హెచ్చరిక వస్తుంది. బయటి సైట్ల విషయంలో మాత్రం ఈ ధైర్యం చేయకండి.

అడ్రస్ సరిగ్గానే ఉంది, అయినా పేజీ తిరుగుతూనే ఉందంటే దారిలో ఏదో అడ్డుంది. ఫోన్ అయితే ముందు మొబైల్ డేటా ఆపండి, వైఫైలో నెట్ లేదని తెలియగానే ఫోన్ చెప్పాపెట్టకుండా డేటాకి మారిపోతుంది, అక్కడినుంచి మీ ఇంటి రౌటర్ కనపడదు. వీపీఎన్, అంటే మీ నెట్‌ను వేరే సర్వర్ మీదుగా తిప్పే యాప్, ఉంటే అదీ ఆపండి. అతిథుల కోసం విడిగా పెట్టే గెస్ట్ వైఫైలో ఉన్నా చాలా రౌటర్లు సెట్టింగ్స్‌లోకి రానివ్వవు, అది కావాలని పెట్టిన రక్షణే. ఇంకొకటి, ఇంట్లో రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి ఉంటే మీకు కనిపించే గేట్‌వే మీకు దగ్గరున్నదానిది కావచ్చు, మీరు వెతుకుతున్నది ఇంకోటి కావచ్చు. ఎటూ తేలకపోతే ల్యాన్ కేబుల్ తీసుకుని కావాల్సిన రౌటర్‌కే నేరుగా పెట్టి, ప్రైవేట్ విండోలో తెరవండి. వైఫైలో గంటసేపు వెతికే తంటా కేబుల్‌తో చాలాసార్లు చటుక్కున తేలిపోతుంది.

పేజీ వచ్చింది, పాస్‌వర్డ్ తీసుకోవట్లేదు. ఇక్కడ ఎక్కువమంది కొట్టేది వైఫై పాస్‌వర్డ్. అది ఇంట్లో వాళ్లందరికీ ఇచ్చేది, రౌటర్ సెట్టింగ్స్ తెరిచే అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు. రౌటర్ అడుగున స్టిక్కర్ మీద రెండూ ఉంటే అడ్మిన్ పాస్‌వర్డ్‌నే వాడండి. కొన్ని కొత్త మోడళ్లలో అడ్మిన్ పాస్‌వర్డ్ స్టిక్కర్ మీద ఉండదు, మొదటిసారి ఆన్ చేసినవాళ్లే పెట్టుకోవాలి, కాబట్టి రౌటర్ బిగించింది ఎవరో వాళ్లని అడగండి. బ్రౌజర్ తనంతట తను నింపిన పాత పాస్‌వర్డ్‌ని చెరిపేసి చేత్తో కొట్టండి. ఆ కంప్యూటర్‌లో ఇదివరకు ఎవరైనా లాగిన్ అయి ఉంటే బ్రౌజర్ దాచిన పాస్‌వర్డ్‌ల జాబితాలో మీ గేట్‌వే నంబర్‌తో వెతకండి, దొరికే అవకాశం బాగానే ఉంటుంది. వరసగా తప్పులు కొడితే కొన్ని రౌటర్లు కాసేపు తాళం వేసేస్తాయి, ఆగి మళ్లీ కొట్టండి.

ఇవేవీ పనిచేయకపోతేనే రీసెట్. దాంతో పాస్‌వర్డ్ ఒక్కటే పోదు, వైఫై పేరు, నెట్ కంపెనీ ఇచ్చిన పీపీపీఓఈ యూజర్‌నేమ్ (రౌటర్ కంపెనీ నెట్‌లో లాగిన్ అయ్యే పేరు), ఉంటే వీల్యాన్ నంబర్ (కంపెనీ తన లైన్‌లో మీ నెట్‌కు కేటాయించిన నంబర్), అన్నీ పోతాయి. అవి ముందు కాగితం మీద ఉండాలి, లేకపోతే కంపెనీకి ఫోన్ చేసి తీసుకోండి. ఫైబర్ తీగ నేరుగా వచ్చి చేరే పెట్టె అయితే వాళ్లని అడగకుండా రీసెట్ చేయొద్దని నా సలహా, ఆ సెట్టింగ్స్ మన చేత్తో తిరిగి పెట్టలేనివి కావచ్చు. చేయక తప్పదంటే, కరెంట్ ఆన్‌లో ఉండగానే బొత్తాం 10 సెకన్లు నొక్కి పట్టి, లైట్లు మారాక వదిలి, అది పూర్తిగా లేచేదాకా ముట్టుకోకుండా ఉండండి.

లోపలికి వెళ్లగానే మొదటి పని అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం. దీన్ని రేపటికి వాయిదా వేయొద్దు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) రౌటర్లు, కెమెరాల్లో చొరబడింది, వాటిలోకి దారి ఇచ్చింది ఫ్యాక్టరీలో పెట్టి ఎవరూ మార్చని 60కి పైగా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు మాత్రమే. తర్వాత, బయటినుంచి రౌటర్ సెట్టింగ్స్ మార్చనిచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆన్‌లో ఉంటే ఆపేయండి, ఇంటి సెట్టింగ్స్‌తో బయటివాళ్లకు పనేం లేదు.

ఈసారికి హోంవర్క్: మీ గేట్‌వే కనుక్కుని లాగిన్ అవ్వండి, సిస్టమ్ టూల్స్‌లోనో అడ్మినిస్ట్రేషన్‌లోనో బ్యాకప్ అనే చోటు వెతికి ఆ ఫైల్ కంప్యూటర్‌లో దాచుకోండి. 4వ పాఠంలో వైఫై ఛానెళ్లు మారుస్తాం, అప్పటికి ఆ ఫైల్ మీ దగ్గర ఉండాలి.