అమోనియా వాడే కోల్డ్ స్టోరేజీకి కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి: పర్యావరణ ప్రమాద అంచనాతో దరఖాస్తు చేసే విధానం

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల ఉన్న కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి టిక్కీలను (బస్తాలను) నెలల తరబడి చల్లగా కాపాడేది చాలాచోట్ల అమోనియాయే. కొత్తగా ఇలాంటి గిడ్డంగి కట్టదలచినవారు గానీ, ఉన్నదానికి అదనపు గదులూ పెద్ద కంప్రెసరూ చేర్చదలచినవారు గానీ ముందుగా ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి తీసుకోవాలి. ఫారంలోని గడులు నింపడం అంత కష్టమైన పని కాదు. అమోనియా బయటపడితే గాలికి, నీటికి, నేలకు ఏమవుతుందో తేల్చి రాయడమే అసలు శ్రమ. ఈ వివరణలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాము.

సమ్మతి రెండు దశల్లో ఉంటుంది. నిర్మాణం మొదలుపెట్టక ముందు తీసుకోవలసినది స్థాపన సమ్మతి, దీనినే అందరూ సీఎఫ్‌ఈ అంటారు. కట్టడం పూర్తయి, యంత్రాలు నడపబోయే ముందు తీసుకోవలసినది నిర్వహణ సమ్మతి, అంటే సీఎఫ్‌ఓ. ఈ రెండింటికీ ఆధారం 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టంలోని 25వ సెక్షన్, 1981 నాటి వాయు కాలుష్య నివారణ చట్టంలోని 21వ సెక్షన్. కాలుష్య తీవ్రతను బట్టి పరిశ్రమలను రంగుల పేర్లతో విడదీస్తూ కేంద్ర మండలి 2016లో ప్రకటించిన వర్గీకరణలో కోల్డ్ స్టోరేజీలు తక్కువ కాలుష్యాన్ని సూచించే ఆకుపచ్చ వర్గంలో ఉన్నాయి. ఈ జాబితాను అప్పుడప్పుడు సవరిస్తుంటారు కాబట్టి, దరఖాస్తు చేసే రోజుకు అమల్లో ఉన్న జాబితాను చూసుకున్న తరువాతే వర్గం గడి నింపాలి.

ఆకుపచ్చ వర్గమన్న మాట విని ప్రమాదం లేదని అనుకోకూడదు. భోపాల్ దుర్ఘటన తరువాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది, దాని కింద 1989లో ప్రమాదకర రసాయనాల నియమాలు వచ్చాయి. వాటి మొదటి షెడ్యూలులో అమోనియా పేరు ఉంది. 60 టన్నులు, ఆపైన నిల్వ ఉంటే స్థల ప్రకటన (స్థలం వివరాలను ముందుగా అధికారులకు తెలపడం), అత్యవసర ప్రణాళిక వంటి బాధ్యతలు, 600 టన్నులు, ఆపైన ఉంటే భద్రతా నివేదిక తప్పనిసరి అవుతాయి. ఒక కోల్డ్ స్టోరేజీ వ్యవస్థలో ఉండే అమోనియా సాధారణంగా ఈ పరిమితికి చాలా దిగువనే ఉంటుంది. అయినా ప్రమాదాలను ముందుగా గుర్తించి తగిన చర్యలు తీసుకోవలసిన బాధ్యతను 4వ నియమం యజమానిపైనే ఉంచింది. అందువల్ల ఫారం విడిగా అడిగినా అడగకపోయినా, ప్రమాద అంచనాను సీఎఫ్‌ఈ దరఖాస్తుతోనే జతపరచాలని మా సలహా. గోడలు లేచిన తరువాత కాలువ దారి మార్చడం కంటే కాగితం మీద మార్చడం ఎంతో తేలిక.

అంచనా ఎలా రాయాలి

సరఫరాదారు దగ్గర సేఫ్టీ డేటా షీట్ తీసుకోండి. అందులో 16 భాగాలుంటాయి. భౌతిక లక్షణాలు 9వ భాగంలో, మనుషుల ఆరోగ్యానికి సంబంధించిన విషపు వివరాలు 11లో, జీవావరణ వివరాలు 12లో, పారవేసే విధానం 13లో ఉంటాయి. చాలామంది ఈ షీటును యథాతథంగా జతపరచి ఊరుకుంటారు. అది రసాయనం గురించి చెబుతుందే తప్ప, మీ స్థలం గురించి ఏమీ చెప్పదు.

గాలి విషయంలో ఒక అపోహ తొలగించుకోవాలి. అమోనియా గాలికంటే తేలిక కాబట్టి పైకి పోతుందని అంటారు. వాయువుగా అది నిజమే. అయితే వ్యవస్థలో ఒత్తిడి కింద ద్రవంగా ఉన్న అమోనియా, ఆ ఒత్తిడి తొలగితే మైనస్ 33 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కనుక, పైపు పగిలితే అతిచల్లని పొగమంచులా మారి నేలను అంటుకుని కొంతదూరం పాకగలదు. గాలిలో పది లక్షల భాగాలకు 300 భాగాలుంటే ప్రాణానికి తక్షణ ప్రమాదమని లెక్క. కాబట్టి వాతావరణ శాఖ గాలివాటు సమాచారం చూసి, నైరుతి రుతుపవన కాలానికీ శీతకాలానికీ వేర్వేరుగా, ఆ దిశలో ఉన్న ఇళ్లు, బడులు, హమాలీలు విశ్రాంతి తీసుకునే షెడ్లు పటం మీద గుర్తించాలి.

నీటి సంగతి ఇంకా ముఖ్యమైనది, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. లీకు అయినప్పుడు వాయువును అణచడానికి నీళ్లు చల్లుతారు, అమోనియా ఆ నీటిలో ఇట్టే కరిగిపోతుంది. గాలి శుభ్రపడుతుంది గానీ ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? 100 కిలోల అమోనియా 10,000 లీటర్ల నీటిలో కరిగిందనుకుందాం. లీటరుకు 10 గ్రాములు, నీటి క్షారగుణాన్ని చూపే పీహెచ్ అంకె 11 దాటుతుంది. ఉపరితల జలాల్లోకి వదిలే నీటిలో స్వేచ్ఛా అమోనియా లీటరుకు 5 మిల్లీగ్రాములు మించరాదని ప్రమాణం. ఆ స్థాయికి పలుచన చేయాలంటే సుమారు 2 కోట్ల లీటర్ల నీళ్లు కావాలి. గుంటూరులో ఆ నీళ్లు పీకలవాగు వంటి మురుగు కాలువలో పడితే, అక్కడి నుంచి దిగువ పొలాలకూ చెరువులకూ చేరకుండా ఆపేది ఏదీ ఉండదు.

చేపలకు విషం నీటిలో అయానుగా, అంటే విద్యుదావేశం ఉన్న రూపంలోకి, మారకుండా మిగిలిన అమోనియా. నీటి పీహెచ్ పెరిగేకొద్దీ, వేడి పెరిగేకొద్దీ దాని పాలు ఎక్కువవుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7లో ఒక శాతం కూడా లేనిది 8లో సుమారు 5 శాతం, 9లో మూడో వంతు పైన ఉంటుంది. అందుచేత పక్క కాలువ నీటి పీహెచ్‌ను, ఉష్ణోగ్రతను ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ పరీక్ష చేయించి రాయండి. కొంచెం ఖర్చే, అయినా అంచనాకు ప్రాణం ఈ రెండు అంకెలే.

ఫారంలో జీవవిచ్ఛిత్తి (సూక్ష్మజీవుల వల్ల విచ్ఛిన్నమయ్యే గుణం), కొవ్వులో పేరుకునే గుణం అడిగిన చోట ఖాళీ వదలకూడదు. అమోనియా కర్బన పదార్థం కాదు కాబట్టి 28 రోజుల జీవవిచ్ఛిత్తి పరీక్ష దానికి వర్తించదనీ, బాక్టీరియా దానిని నైట్రైటుగా, నైట్రేటుగా మారుస్తుందనీ, జీవుల దేహంలో పేరుకోదనీ కారణంతో సహా రాయాలి. ఒట్టి 'వర్తించదు' అన్న మాట పరిశీలించే అధికారికి దేనికీ పనికిరాదు.

ఇక నివారణ. కంప్రెసర్ గదికీ, ద్రవ అమోనియా నిలిచే రిసీవరు ట్యాంకుకూ చుట్టూ కట్ట, చల్లిన నీళ్లు బయటికి పోకుండా పట్టే గుంట, దాని కొలతలు, వాన కాలువకు మూసే తలుపు, లీకు పసిగట్టే సెన్సార్లు, గాలి దిశ చూపే గుడ్డసంచి పటంలో చూపాలి. ముంపు సంగతీ రాయాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు చూశాము, వరదలో కరెంటు పోతుంది, దారులు మూసుకుపోతాయి. అటువంటి పల్లపు స్థలంలో కంప్రెసర్ గది నేలమట్టం, జనరేటర్ దిమ్మె ఎత్తు ఎంతో తప్పక చెప్పాలి.

కంప్రెసర్ నుంచి తీసే పాత నూనెను మరచిపోవద్దు. అది 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల కిందికి వస్తుంది కాబట్టి, ఫారం 1లో విడిగా అధికారపత్రం కోరాలి. ఆ నూనెను 90 రోజులకు మించి నిల్వ ఉంచకుండా, అనుమతి ఉన్న శుద్ధిదారుకే ఇవ్వాలి.

దరఖాస్తు, తనిఖీ, ఆ తరువాత

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చేయాలి. స్థల పత్రాలు, లేఅవుటు, నీటి వాడకం లెక్క, యంత్రాల జాబితా, ప్రాజెక్టు వ్యయానికి చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువపత్రం సిద్ధంగా పెట్టుకోండి, రుసుము ఆ వ్యయాన్ని బట్టే నిర్ణయమవుతుంది. అమోనియా పరిమాణం ఒక కాగితంలో ఒకలా, లేఅవుటులో ఇంకోలా ఉంటే దరఖాస్తు వెనక్కి వస్తుంది. సిలిండర్లలో విడిగా ఉంచేది, వ్యవస్థలో తిరిగేది కలిపి ఒకే అంకె రాయండి.

ప్రాంతీయ కార్యాలయం ఇంజనీరు తనిఖీకి వచ్చినప్పుడు పటంలో చూపిన గుంట, తలుపు స్థలంలో కనబడాలి. సీఎఫ్‌ఓ దశలో ఇది మరీ ముఖ్యం. సమ్మతి వచ్చాక పాత నూనె లెక్క ఫారం 4లో ఏటా జూన్ 30లోగా, పర్యావరణ ప్రకటన ఫారం 5లో సెప్టెంబరు 30లోగా పంపాలి. పెద్ద ప్రమాదం జరిగితే 1989 నియమాల ప్రకారం 48 గంటల్లోగా తెలియజేయాలి.

సమ్మతి నిరాకరించినా, పెట్టిన షరతు న్యాయంగా లేదనిపించినా, ఉత్తర్వు అందిన 30 రోజుల్లోగా అప్పీలు అధికార సంస్థను ఆశ్రయించవచ్చు. అప్పీలుతో పాటు మొదట సమర్పించిన ప్రమాద అంచనా ప్రతిని, నీటి పరీక్షల నివేదికలను కూడా జతపరచాలి.