కొత్త బ్యాటరీ కొనే ముందు మల్టీమీటర్ పెట్టి చూడండి

పొద్దున్నే కారు స్టార్ట్ కాకపోతే వెంటనే బ్యాటరీ మార్చేయకండి, డబ్బు దండగ. వోల్టేజీ కొలిచే మామూలు మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి, రాత్రంతా ఆగి ఉన్న కారు బ్యాటరీ చూడండి. 12.6 వస్తే నిండుగా ఉన్నట్టు, 12కి దిగితే దాదాపు ఖాళీ.

వేరే బ్యాటరీకి కేబుళ్లు కలిపి జంప్ స్టార్ట్ చేశాక, కేబుళ్లు తీసేసి, ఇంజిన్ నడుస్తుండగా మళ్లీ చూడండి. 13.8 నుంచి 14.5 దాకా ఉంటే ఛార్జింగ్ బాగానే ఉంది. 12 దగ్గరే ఆగిపోతే ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని ఛార్జ్ చేసేది), దాని బెల్టు, వైరింగ్ అనుమానించాలి.

అన్నిటికంటే ముందు బ్యాటరీ టెర్మినళ్లు, అంటే వైర్లు బిగించే చోట్లు, చూడండి. తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే కరెంటు సరిగ్గా పారదు. ఇంజిన్ ఆపి, ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ విప్పి, వంటసోడా కలిపిన వేడినీళ్లతో పాత టూత్‌బ్రష్ పెట్టి రుద్దండి. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోకి పోకూడదు. తుడిచి ఆరాక పాజిటివ్ ముందు బిగించి, పైన కాస్త వాసెలిన్ రాయండి.

కొందరు మెకానిక్‌లు ఇంజిన్ నడుస్తుండగానే టెర్మినల్ పీకి ఆల్టర్నేటర్‌ని పరీక్షిస్తారు. దయచేసి ఒప్పుకోకండి. వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి ఈసీయూ (కారులోని కంప్యూటర్) కాలిపోవచ్చు.