దూరపు సైకిలు ప్రయాణంలో మనకు తగిన వేగాన్ని తెలుసుకోవడం

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు సుమారు 200 కిలోమీటర్లు. ఈ దారిని సైకిలు మీద రెండు రోజుల్లో పూర్తి చేయాలనుకునేవారు ముందుగా అడిగేది, గంటకు ఎన్ని కిలోమీటర్లు తొక్కాలని. అందరికీ సరిపోయే అంకె ఏదీ లేదు. ఒకే మనిషి నంద్యాల చుట్టుపక్కల నల్లరేగడి మైదానంలో గంటకు 22 కిలోమీటర్లు హాయిగా తొక్కి, అంతే శ్రమతో ఎదురుగాలిలో 13 దాటలేకపోవచ్చు. కాబట్టి దూరప్రయాణంలో నిలకడగా ఉంచుకోవలసింది శ్రమను; వేగం దారిని బట్టి, గాలిని బట్టి, ఎండను బట్టి మారుతూనే ఉంటుంది. మనం ఎంచుకున్న శ్రమ సరైనదో కాదో రెండో రోజు ఉదయం మళ్లీ సీటు మీద కూర్చున్నప్పుడు తేలుతుంది.

శ్రమను అంచనా వేయడానికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. పక్కన తొక్కుతున్న వ్యక్తితో ఒక పూర్తి వాక్యాన్ని మధ్యలో ఊపిరి తీసుకోకుండా చెప్పగలిగితే వేగం సరిపోయినట్టే. ఒంటరిగా వెళ్లేవారు నోటికి వచ్చిన ఆటవెలది పద్యం ఒకటి పైకి చదివి చూసుకోవచ్చు. ఒక్కో పాదం ఒక్కో ఊపిరిలో సాఫీగా వస్తే అదే వేగంతో ఉదయమంతా సాగవచ్చు. పాదం మధ్యలో ఊపిరి తెగుతుంటే వెంటనే ఒక గేరు తగ్గించాలి. ఈ పరీక్షను బయలుదేరిన అరగంటకు ఒకసారి, ఆ తర్వాత ప్రతి గంటకూ ఒకసారి చేసుకోవడం మంచిది.

మొదటి గంట గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. తెల్లవారుజామున గాలి చల్లగా ఉంటుంది, కాళ్లు తాజాగా ఉంటాయి, రోడ్డు ఖాళీగా ఉంటుంది. ఆ ఉత్సాహంలో ఎవరైనా తమ శక్తికి మించి తొక్కుతారు. కర్నూలు వదిలి ఓర్వకల్లు రాళ్ల గుట్టలు కనిపించేదాకా ఇంత నెమ్మదిగా వెళ్తున్నామేమిటి అనిపించేలా తొక్కాలి. దీనికి కారణం గాలి. చదునైన రోడ్డు మీద మన శక్తిలో ఎక్కువ భాగం గాలిని చీల్చుకుపోవడానికే ఖర్చవుతుంది, పైగా ఆ ఖర్చు వేగంతో సమానంగా పెరగదు. గంటకు 20 కిలోమీటర్ల నుంచి 25కు పెంచితే, గాలిని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి దాదాపు రెట్టింపు అవుతుంది. నంద్యాలకు అరగంట ముందు చేరడం కోసం పెట్టిన ఆ ఖర్చు మధ్యాహ్నానికి తొడల్లో తెలుస్తుంది.

తర్వాత చూసుకోవలసింది పెడల్ తిరిగే లెక్క. కుడి మోకాలు పైకి వచ్చిన ప్రతిసారీ ఒకటిగా 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పుతున్నామో తెలుస్తుంది. దూరప్రయాణానికి ఎక్కువ మందికి 70 నుంచి 85 మధ్య బాగుంటుంది. పెద్ద గేరులో 50, 55 చుట్లతో బలంగా నొక్కుతూ వెళ్లేవారికి ఆయాసం రాదు గనుక అంతా బాగున్నట్టే ఉంటుంది, కానీ భారమంతా మోకాళ్ల మీద పడి మరుసటి రోజు మెట్లు దిగేటప్పుడు నొప్పి బయటపడుతుంది. గేర్లు లేని మామూలు సైకిలు మీద వెళ్లేవారు మిట్ట ఎదురైనప్పుడు లేచి నిలబడి తొక్కడం కంటే దిగి నడిపించుకుంటూ పోవడం మేలు; దానికి సంకోచించవలసిన పని లేదు.

మన ప్రాంతంలో వేగాన్ని అన్నిటికంటే ఎక్కువగా శాసించేది గాలి, ఎండ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల గాలి పడమటి దిక్కు నుంచి బలంగా వీస్తుంది. అనంతపురం వైపు రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ నెలల్లో అనంతపురం నుంచి తాడిపత్రి, ముద్దనూరు మీదుగా కడపకు వెళ్తే గాలి వెనుక నుంచి తోస్తుంది. కడప నుంచి అనంతపురానికి అదే దారిలో వస్తే రోజంతా ముఖానికి కొడుతుంది. ఎదురుగాలిలో మీటరు వైపు చూడడం మానేసి, హ్యాండిల్ మీదకు కాస్త వంగి, రెండు గేర్లు తగ్గించి, పద్యం పరీక్షనే నమ్ముకోవాలి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తుంటే ఒకరి వెనుక ఒకరు వెళ్తూ, పది నిమిషాలకొకసారి ముందున్నవారు వెనక్కి రావచ్చు. అయితే మొత్తం గుంపు వేగాన్ని అందరికంటే నెమ్మదిగా తొక్కే మనిషే నిర్ణయించాలి.

ఎండలో శరీరం చల్లబడడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది కాబట్టి, ఉదయం ఆరింటికి తేలికగా ఉన్న వేగమే పదకొండింటికి గుండె వేగాన్ని పెంచేస్తుంది. దూరప్రయాణాలకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లక తప్పదంటే తెల్లవారుజామున ఐదింటికే బయలుదేరి పది, పదిన్నరకు నీడ పట్టుకోవాలి. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి. ఉత్త నీళ్లు సరిపోవు, ఉప్పు వేసిన మజ్జిగైనా, ప్యాకెట్ మీద చెప్పినంత నీటిలో కలిపిన ఓఆర్ఎస్ అయినా మధ్య మధ్యలో పడాలి. తిండిని ముప్పావు గంటకొకసారి రెండు మూడు ముద్దలుగా తీసుకుంటే వేగం పడిపోదు. అరటిపండు, శెనక్కాయల ఉండ, చీనీకాయ దారిలో చాలాచోట్ల దొరుకుతాయి. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ కడుపునిండా తిని వెంటనే తొక్కితే గంటసేపు కాళ్లు కదలవు. ఉగ్గాని సగం ప్లేటు తిని, బజ్జీని సాయంత్రానికి వాయిదా వేయడం నయం. సంగటి, జొన్నరొట్టె రాత్రి భోజనానికి బాగుంటాయి.

ఎత్తు ఎక్కే పద్ధతిని గువ్వలచెరువు ఘాట్‌లో చూడవచ్చు. కడప నుంచి రాయచోటి వైపు వెళ్లేటప్పుడు ఎక్కుడు మొదలుకాకముందే, చైన్ మీద ఇంకా భారం పడకముందే చిన్న గేరుకు మారాలి. మిట్ట మధ్యలో బలంగా నొక్కుతూ గేరు మారిస్తే చైన్ కరకరమని జారి తెగే ప్రమాదం కూడా ఉంది. ఎక్కుతున్నప్పుడు గంటకు ఏడెనిమిది కిలోమీటర్లు చాలు, సైకిలు అటూ ఇటూ ఊగకుండా ఉంటే చాలు. భుజాలు వదులుగా పెట్టి, సీటు మీద కాస్త వెనక్కి జరిగి, ముందున్న మలుపు వరకే లెక్క పెట్టుకుంటూ వెళ్లాలి. లారీలు వరుసకట్టి వచ్చే రోడ్డు అది, కాబట్టి ఎడమ అంచును వదలకూడదు. పద్యం చదవలేనంత ఆయాసం వస్తే మలుపు దాటి వెడల్పైన చోట ఆగాలి. గువ్వలచెరువు చేరాక పాలకోవా తినడానికి ఆగే పది నిమిషాలు నిజంగా అవసరమైన విశ్రాంతే. దిగేటప్పుడు బ్రేకులను ఏకధాటిగా పట్టి ఉంచకుండా విడిచి విడిచి నొక్కాలి.

సగటు వేగం తక్కువగా ఉందని బాధపడేవారు ఒక విషయం గమనించాలి. బ్రెవే అనే దూరపు సైకిలు యాత్రల్లో 200 కిలోమీటర్లకు ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు, అంటే ఆగిన సమయం కలుపుకొని గంటకు 15 కిలోమీటర్లకు కొంచెం తక్కువ. గంటా గంటన్నరకు ఒకసారి పది నిమిషాలు ఆగుతూ వెళ్లినా ఆ సగటు అందుతుంది. వేగంగా తొక్కి టీ బంకు దగ్గర ముప్పావు గంట కూలబడేవారు చాలాసార్లు వెనుకే ఉంటారు.

కర్నూలు–కడప దారిలో మొదటి రాత్రి ఆళ్లగడ్డలో ఆగితే దూరం దాదాపు సగానికి పంచుకున్నట్టవుతుంది. ఉదయం లేవగానే, మంచం దిగకముందే నాడి చూసుకోండి. మామూలు కంటే నిమిషానికి పది దాకా ఎక్కువగా ఉన్నా, ఆకలి లేకపోయినా, మోకాలు పట్టేసినా, నిన్నటి శ్రమ ఎక్కువైందని అర్థం. ఆ రోజు ఒక గేరు తగ్గించి, ప్రతి విరామానికీ ఐదు నిమిషాలు కలపాలి. మైదుకూరు నుంచి కడపకు సుమారు 40 కిలోమీటర్లు. ఎండ ముదిరేలోగా మైదుకూరు దాటలేకపోతే అక్కడే భోజనం చేసి, మధ్యాహ్నం నీడలో పడుకుని, మిగిలిన దారిని సాయంత్రం తొక్కవచ్చు. శీతాకాలంలో ఆరింటికే చీకటి పడుతుంది గనుక మూడున్నరకు మించి ఆలస్యం చేయకుండా బయలుదేరాలి, సైకిలుకు ముందూ వెనుకా లైట్లు ఉన్నాయో లేదో అప్పుడే చూసుకోవాలి.