విదేశీ యూనివర్సిటీ దరఖాస్తుకు స్కూలు పత్రాలు పంపేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

అమెరికా, బ్రిటన్‌లలో పోటీ ఎక్కువగా ఉండే యూనివర్సిటీలకు దరఖాస్తు చేసే విద్యార్థి వ్యాసాలను రాత్రంతా మేలుకుని అయినా పూర్తి చేసుకోగలడు. స్కూలు నుంచి వెళ్లాల్సిన పత్రాల సంగతి అలా కాదు. మార్కుల పట్టికపై సంతకం చేసేది ప్రిన్సిపాల్, సిఫార్సు లేఖ రాసేది టీచరు, వాటిని అప్‌లోడ్ చేసేది మరొకరు. వీరిలో ఏ ఒక్కరు సెలవులో ఉన్నా ఆ ఆలస్యం విద్యార్థి ఖాతాలోనే పడుతుంది కాబట్టి, ఈ పని దరఖాస్తు ఫారం తెరవడానికి ముందే మొదలుకావాలి.

ముందుగా ఏ యూనివర్సిటీ ఏమి అడుగుతోందో దాని సొంత వెబ్‌సైట్‌లోనే చదివి ఒక కాగితం మీద రాసుకోవాలి, ఎందుకంటే అందరూ ఒకే రకంగా అడగరు. ఒకే ఫారంతో అనేక కాలేజీలకు దరఖాస్తు చేసే కామన్ యాప్ అనే వెబ్‌సైట్ ద్వారా వెళ్లే దరఖాస్తుకు స్కూల్ రిపోర్టు, ట్రాన్‌స్క్రిప్ట్ (స్కూలు ఇచ్చే అధికారిక మార్కుల పట్టిక), స్కూలును పరిచయం చేసే ప్రొఫైల్, చదువుల విషయంలో విద్యార్థులకు సలహాలిచ్చే కౌన్సెలర్ లేఖ, చాలాచోట్ల ఒకరిద్దరు టీచర్ల లేఖలు అవసరమవుతాయి. అమెరికాలోని ఎంఐటీ (మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ)కి సొంత దరఖాస్తు ఉంది. అది గణితం లేదా సైన్స్ టీచరు నుంచి ఒక లేఖను, భాష, సాహిత్యం, సామాజిక శాస్త్రాల వంటివి చెప్పే టీచరు నుంచి మరొక లేఖను కోరుతుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా సాధారణంగా దరఖాస్తు దశలో ట్రాన్‌స్క్రిప్ట్ అడగదు, విద్యార్థి స్వయంగా నింపిన మార్కులనే చూస్తుంది. దాన్ని తేలిక అనుకోకూడదు, చివర్లో వచ్చే అసలు పత్రంతో ఆ అంకెలు ఒక్కటి కూడా తేడా రాకూడదు. బ్రిటన్ యూనివర్సిటీల ఉమ్మడి దరఖాస్తులు చూసే యూకాస్‌లో అన్ని యూనివర్సిటీలకూ కలిపి ఒకే రిఫరెన్స్ (స్కూలు రాసే సిఫార్సు లేఖ) వెళుతుంది, ఇంకా రాయని పరీక్షల్లో వస్తాయని స్కూలు అంచనా వేసిన గ్రేడ్లు కూడా దానితోనే వెళతాయి.

అమెరికాలో ముందస్తు దరఖాస్తుల గడువు చాలా యూనివర్సిటీలకు నవంబరు 1, మామూలు గడువు జనవరి 1 చుట్టుపక్కల ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, దాదాపు అన్ని వైద్య కోర్సులకు అక్టోబరు 15 గడువు. గడియారం విషయంలోనూ మెలకువ అవసరం: కామన్ యాప్ గడువు దరఖాస్తుదారు ఉన్న చోటి సమయం ప్రకారం రాత్రి 11:59కి ముగిస్తే, యూకాస్ గడువు బ్రిటన్ సమయం ప్రకారం సాయంత్రం 6 గంటలకు ముగుస్తుంది. టీచర్లను కనీసం ఆరు వారాల ముందే అడగడం మర్యాద మాత్రమే కాదు, హడావిడిగా రాసిన లేఖకూ తీరిగ్గా రాసిన లేఖకూ ఉండే తేడా చదివేవారికి ఇట్టే తెలిసిపోతుంది. అడిగేటప్పుడు ఆ టీచరు తరగతిలో మీరు చేసిన ఒకటి రెండు పనులను గుర్తుచేస్తూ ఒక పేజీ రాసి ఇస్తే వారికి సులువవుతుంది. లేఖను మాత్రం వారే రాయాలి, మీరు రాసి సంతకం పెట్టించుకోకూడదు.

పత్రాల్లో అన్నిటికన్నా ఎక్కువ చిక్కు తెచ్చేది పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, స్కూలు రికార్డులో ఒక్క అక్షరంగా, దరఖాస్తులో ముందుది వెనకకు మారి ఉంటే, వేల దరఖాస్తుల మధ్య ఆ పత్రం ఎవరిదో తేలక ఎక్కడో ఆగిపోవచ్చు. దరఖాస్తులో పాస్‌పోర్టు పేరే రాయాలి. స్కూలు రికార్డు వేరుగా ఉంటే, రెండు పేర్లూ ఒకే విద్యార్థివని ప్రిన్సిపాల్ లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాలు రాయించి జతచేయించాలి. తర్వాతిది స్కానింగ్. ఒకసారి నా చేతికి వచ్చిన మార్కుల పట్టికను ఫోన్‌తో ఫొటో తీసి పీడీఎఫ్‌గా మార్చారు; కుడి అంచు కత్తిరించుకుపోవడంతో ‘గరిష్ఠ మార్కులు’ అనే నిలువు వరుస మొత్తం మాయమైంది. 78 అన్నది 80కి వచ్చిందో 100కి వచ్చిందో చూసేవారికి ఎలా తెలుస్తుంది? అందువల్ల నాలుగు అంచులూ, ముద్రా, వెనకవైపు ఉండే గ్రేడింగ్ వివరణా కనిపించేలా స్కాన్ చేయించి, పంపేముందు ఒకసారి తెరిచి చూడమని స్కూలువారిని కోరాలి. మార్కులను మీకు మీరే నాలుగు పాయింట్ల జీపీఏగా (అమెరికాలో వాడే గ్రేడ్ల సగటుగా) మార్చకండి, స్కూలు ఇచ్చిన కొలమానంలోనే ఉంచండి. పత్రం ఇంగ్లీషులో లేకపోతే అసలు ప్రతితో పాటు ధ్రువీకరించిన అనువాదం కూడా వెళ్లాలి.

కామన్ యాప్‌లో టీచర్లను ఆహ్వానించే ముందు విద్యార్థి రికార్డులకు సంబంధించిన ఫెర్పా అనే చట్టం గురించిన పేజీ వస్తుంది. 1974 నాటి ఆ అమెరికా చట్టం ప్రకారం, కాలేజీలో చేరిన విద్యార్థి తన ఫైలులోని లేఖలను చూడవచ్చు. ఆ హక్కును వదులుకుంటారా అని అక్కడ అడుగుతారు. వదులుకుంటేనే లేఖ నిర్మొహమాటంగా రాశారన్న నమ్మకం చదివేవారికి కలుగుతుందని నా అభిప్రాయం. ఏది ఎంచుకున్నా ఆలోచించి ఎంచుకోవాలి, లేఖలు రావడం మొదలైన తర్వాత దాన్ని మార్చడానికి వీలుండదు.

కౌన్సెలర్ అనే ఉద్యోగమే లేని స్కూళ్లు చాలా ఉన్నాయి. అక్కడ ప్రిన్సిపాలో, సీనియర్ టీచరో ఆ పాత్ర పోషించవచ్చు, అందులో తప్పేమీ లేదు. తప్పల్లా, ‘సార్‌కు కంప్యూటర్ రాదు కదా’ అని విద్యార్థే వారి పేరుతో ఈమెయిల్ తెరిచి తన పత్రాలు తానే అప్‌లోడ్ చేసుకోవడం. అది బయటపడితే పత్రాలు అసలైనవే అయినా దరఖాస్తు తిరస్కరణకు గురికావచ్చు. స్కూలు పేరుతో ఉన్న అధికారిక ఈమెయిల్‌నే ఇచ్చి, వారు తొలిసారి లాగిన్ అయ్యేటప్పుడు పక్కన కూర్చుని దారి చూపి, పాస్‌వర్డ్ కొట్టే సమయానికి లేచి పక్కకు వెళ్లడం మంచిది. ఆహ్వానం స్పామ్‌లో పడిందేమో ముందుగా అడగండి.

స్కూలు పంపినంత మాత్రాన యూనివర్సిటీకి చేరినట్టు కాదు. దరఖాస్తు తర్వాత యూనివర్సిటీ ఇచ్చే పోర్టల్‌లో ఒక్కో పత్రం ఎదుట ‘అందింది’ అని కనిపించేదాకా చూస్తూ ఉండాలి. గడువు రోజుల్లో పత్రాలు ఫైలుకు చేరడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి, మర్నాడే కంగారుపడి మూడుసార్లు పంపిస్తే గందరగోళమే పెరుగుతుంది. వారం దాటినా మారకపోతే స్కూలులో అప్‌లోడ్ చేసిన తేదీ తెలుసుకుని, దరఖాస్తు సంఖ్యతో అడ్మిషన్స్ ఆఫీసుకు ఒకే ఈమెయిల్ రాయాలి.

చాలా అమెరికన్ కాలేజీలు జనవరి, ఫిబ్రవరిలలో మిడ్ ఇయర్ రిపోర్టును (విద్యా సంవత్సరం మధ్య వరకూ వచ్చిన మార్కుల నివేదికను), సీటు వచ్చాక చివరి ట్రాన్‌స్క్రిప్ట్‌ను అడుగుతాయి. ఆఖరి నెలల్లో మార్కులు బాగా పడిపోతే ఇచ్చిన సీటును వెనక్కి తీసుకునే అధికారం వారికి ఉంటుంది. పైగా ఈ చివరి పత్రం అవసరమయ్యే సమయానికి స్కూలుకు సెలవులు ఇచ్చేసి ఉంటారు. అందుకే ఆఖరి పరీక్ష రోజునే ఆఫీసుకు వెళ్లి, సెలవుల్లో సంతకం చేసేది ఎవరో, వారి ఫోన్ నంబరు ఏమిటో అడిగి రాసుకోండి.