ఇంట్లో చేసుకున్న స్ట్రట్ బార్‌తో తంటాలు: సమస్య - పరిష్కారం

స్ట్రట్ అంటే ముందు చక్రం పైన స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఉండే కాడ. దాని పై చివర బిగించే బాడీ భాగం స్ట్రట్ టవర్. బానెట్ కింద ఆ రెండు టవర్లనీ కలిపే అడ్డకడ్డీయే స్ట్రట్ బార్. ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని కింద పట్టుకునే చేతుల్లోని రబ్బర్లు), స్ట్రట్ మౌంట్లు (స్ట్రట్ పై చివరి రబ్బరు దిమ్మలు) చూసుకోండి. అవి అరిగిన కారుకి ఎంత గట్టి బార్ వేసినా దండగే. ఇక్కడ చెప్పేదంతా అబార్త్ పుంటో లాంటి, ముందు మాక్‌ఫెర్సన్ స్ట్రట్లున్న కార్ల గురించి.

బార్ వేసినా తేడా తెలియడం లేదు

తిరుమల నుంచి దిగే ఘాట్‌రోడ్డు 1944 నాటిది, మలుపులు బాగా ఇరుకు. మెల్లగా దిగుతున్నా అక్కడ స్టీరింగ్ తటపటాయిస్తోందంటే అనుమానం బార్ మీదికే పోవాలి. మలుపులో రెండు స్ట్రట్ టవర్ల మధ్య దూరం మారకుండా పట్టుకోవడమే దాని పని. ఇంజన్ అడ్డొస్తోందని పైపును వంచితే, బరువు పడినప్పుడు ఆ వంపు దగ్గరే సాగుతుంది. పల్చటి బ్రాకెట్ మీద పైపును ఎత్తుగా నిలబెట్టినా అంతే, బ్రాకెట్ ఊగుతుంది. టవర్ మీద బిగించే ప్లేటుకీ పైపు చివరికీ కలిపి మార్కర్‌తో ఒక గీత గీసి, ఘాట్ దిగొచ్చి చూడండి. గీత తెగి పక్కకి జరిగిందంటే అక్కడి జాయింటు కదులుతున్నట్టే.

వీలైనంత తిన్నని పైపు, 5 మి.మీ. ప్లేటు, మూలల్లో త్రికోణపు ముక్కలు వేయించండి. ఆటోనగర్‌లో ఎవరైనా చేసిపెడతారు, కొలతలు మాత్రం మీరే తీసుకెళ్లండి. బానెట్‌కి తగులుతుందేమోనంటే బార్ మీద చపాతీపిండి ముద్ద పెట్టి బానెట్ మూయండి. ముద్ద ఎంత అణిగిందో చూస్తే ఖాళీ తెలిసిపోతుంది.

స్పీడ్ బ్రేకర్ మీద టక్కుమంటోంది

టవర్ మీద ఉండే 8 మి.మీ. స్టడ్‌కి (మరలున్న కడ్డీకి) ప్లేటులో 10 మి.మీ. రంధ్రం వేస్తే ప్లేటు జరుగుతుంది. వాషర్లు పేర్చి సర్దుకోవద్దు, ప్లేటు మళ్ళీ చేయించండి. నట్టు మరలన్నీ స్టడ్‌కి పట్టాలి. మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే (బిగింపు కొలతకే) బిగించండి. టవర్ నడిమధ్య ఉండే పెద్ద నట్టు జోలికి మాత్రం అస్సలు పోవద్దు. దాని కింద స్ప్రింగ్ అణిగి ఉంటుంది, ప్రాణం మీదికొస్తుంది.

బార్ వేశాక కారు ఒక పక్కకి లాగుతోంది

వెల్డింగ్ వేడికి ప్లేట్లు ముడుచుకుని బార్ పొట్టిదైపోతుంది. దాన్ని గుంజి బిగిస్తే టవర్లు దగ్గరికొచ్చి క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలిన కోణం) మారుతుంది. ప్లేట్లను కారులో టవర్ల మధ్య ఉన్న దూరంలోనే మందపాటి యాంగిల్‌కి (L ఆకారపు ఇనుప కడ్డీకి) బిగించి, చల్లారేదాకా విప్పకుండా వెల్డింగ్ చేయించండి. నాలుగు చక్రాలూ నేల మీద ఉన్నప్పుడే కారుకి అమర్చి, తర్వాత అలైన్‌మెంట్ చేయించండి.

వెల్డింగ్ అంచున సన్నటి తుప్పు గీత

అది పగులే. పైన మళ్ళీ వెల్డింగ్ పొయ్యొద్దు, పగులు అడుగుదాకా గ్రైండ్ చేసి కొత్తగా వేయించండి. ఆ గీత టవర్ రేకు మీదే కనిపిస్తే బార్ విప్పేసి, నేరుగా బాడీ షాపుకి తీసుకెళ్ళండి.