వీడియో ఇంటర్వ్యూలో మాట తెగినా, మనిషి మారినా ఏం చేయాలి?

ఒడిశా వైపు రాయగడలోనో పర్లాకిమిడిలోనో ఒక డీలర్‌షిప్‌కి అకౌంటెంట్ కావాలంటే ఇప్పుడు పార్వతీపురం, బొబ్బిలి, గుణుపురం పిల్లల్ని వీడియోలోనే చూసేస్తున్నారు. ఈపాటి ఆఫీసుల్లో హెచ్చార్ అంటూ ఎవరూ ఉండరు. యజమానో ఆయన బావమరిదో కౌంటర్ మీద ఫోన్ నిలబెట్టి అడుగుతారు. తర్వాత వచ్చే ఫిర్యాదులన్నీ క్యాండిడేట్ మీదే. నేను చూసినంతలో సగం తప్పు లైనుది, పావు తప్పు అడిగినవాళ్లది. అందుకే లైనుతోనే మొదలుపెడదాం.

మాట తెగిపోతోంది, బొమ్మ ఆగిపోతోంది

కారణం: వీడియో నెట్‌ని మింగేస్తుంది. జూమ్‌లో ఇద్దరి మధ్య మంచి వీడియోకి సెకనుకు 600 కిలోబిట్లు కావాలి, ఒట్టి మాటకైతే 100 లోపే సరిపోతుంది. కొండ వారగా ఉన్న ఊళ్లలో సిగ్నల్ రెండు గీతలుంటే మాటకు చాలు, బొమ్మకు చాలదు.

పరిష్కారం: మొదటి రెండు నిమిషాలు ముఖం చూసి, పలకరించి, తర్వాత ఇద్దరూ కెమెరా ఆపేయండి. ఒక్కరే ఆపితే అవతలి బొమ్మ నెట్ తింటూనే ఉంటుంది. కరెంటు పోయినప్పుడు రౌటర్ కూడా పోతుంది కాబట్టి మీ వైపు రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టుకోండి. క్యాండిడేట్‌ని మాత్రం అది కొనమనకండి, కరెంటు ఉండే వేళ ఏదో అడిగి ఆ టైమే ఇవ్వండి.

ఇదే గొడవకి ఇంకో రూపం ఉంది. మీరు అడుగుతారు, అవతల మౌనం. "రాదా అమ్మా?" అని మీరు అనేలోపు ఆమె జవాబు మొదలవుతుంది, రెండు మాటలూ ఢీకొంటాయి, ఆమె ఆగిపోతుంది. మీరు కాగితం మీద "తడబడుతోంది" అని రాసుకుంటారు. మీ ప్రశ్న ఆమెకు ఆలస్యంగా చేరిందంతే. అడిగాక మనసులో మూడు దాకా లెక్కపెట్టండి.

కనిపిస్తున్నారు, వినిపించడం లేదు

యాప్‌కి మైకు అనుమతి ఇచ్చి ఉండరు, లేదా జేబులోని బ్లూటూత్ ఇయర్‌ఫోన్ మైకుని లాక్కుని ఉంటుంది. ఫోన్ సెట్టింగుల్లో ఆ యాప్‌కి మైకు ఇచ్చి, బ్లూటూత్ ఆపి, మళ్లీ లింకు తెరిస్తే పది కేసుల్లో తొమ్మిది అక్కడే సరి. మన గొంతే మనకు తిరిగి వినిపిస్తుంటే ఒకే గదిలో రెండు ఫోన్లు కలిశాయన్న మాట, ఒకదాన్ని మ్యూట్ చేయాలి. అన్నిటికంటే చెడ్డ అలవాటు ఒకటుంది: "వినిపిస్తోందా బాబూ?" అని అదే నంబరుకి ఫోన్ కొట్టడం. ఆ ఫోన్ ఎత్తగానే ఉన్న మైకు కూడా పోతుంది. ఫోన్ చేయకండి, చాట్‌లో రాయండి.

మధ్యలో మూసుకుపోయింది

ఉచిత జూమ్‌కి 40 నిమిషాలే. గుమాస్తా ఉద్యోగానికి అంతకంటే ఎక్కువసేపు అడగాల్సింది నాకైతే కనిపించదు.

తెలుగు గడగడా మాట్లాడింది, చేరాక తెలుగు చీటీ చదవలేకపోయింది

ఇది మన సరిహద్దు సమస్య, ఏ యాప్ దీన్ని పట్టుకోదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. రాయగడ, బరంపురం తెలుగు ఇళ్లలో ఇది మామూలే. బొబ్బిలి నుంచి వచ్చేవాళ్లకి అటుది ఇటు: ఒడియా నాలుగు మాటలు వస్తాయేమో, అక్షరం రాదు. మహారాష్ట్రలో సిరొంచ వైపు మరాఠీతోనూ ఇదే సంగతి.

పరిష్కారం: ఇంటర్వ్యూ మధ్యలో, చేతిరాతతో ఉన్న పాత ఆర్డరు చీటీ ఫొటో ఒకటి చాట్‌లో పంపి పైకి చదవమనండి. తర్వాత ఒడియాది ఒకటి. చదవలేకపోతే వెంటనే కాదనకండి. ఆ సీటుకి చదవడం నిజంగా అవసరమా, మాట చాలా అన్నది ముందు మీరు తేల్చుకోవాలి. ఫోన్లో రెండు భాషల గిరాకీలతో మాట్లాడగల మనిషిని చీటీ చదవలేదని వదులుకున్న ఆఫీసులు నాకు తెలుసు. చీటీ చదవడానికి పక్క సీట్లో ఇంకొకరు ఎలాగూ ఉంటారు.

జవాబు పుస్తకంలా వస్తోంది, కళ్లు పక్కకి పోతున్నాయి

రెండు కారణాలు ఉండొచ్చు. కెమెరా ఒక పక్కనుండి, మీ ముఖం తెర మీద ఇంకో పక్కనుంటే ఎవరి కళ్లైనా అలాగే కనిపిస్తాయి. లేదా పక్క ఫోన్లో ఏఐ రాసిచ్చింది చదువుతున్నారు. కళ్లని బట్టి తేల్చకండి, పనిని బట్టి తేల్చండి. "మీ గురించి చెప్పండి" లాంటి ప్రశ్నలు మానేసి, నంబర్లు చెరిపేసిన నిజమైన బిల్లు ఒకటి చూపండి: "అమ్మినవాళ్ల జీఎస్టీ నంబరు 37తో మొదలైంది, మనది 21. ఏ పన్ను వేస్తారు?" 37 అంటే ఆంధ్ర, 21 అంటే ఒడిశా. విజయనగరం సరుకు రాష్ట్రం దాటి రాయగడ వచ్చింది కాబట్టి ఐజీఎస్టీ. అదే సరుకు బరంపురం హోల్‌సేలర్ దగ్గర కొంటే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. ఇంతవరకూ ఏఐ కూడా చెబుతుంది. ఇప్పుడు స్క్రీన్ షేర్ చేసి, అందులో రెండు పెట్టెలు పగిలి వెనక్కి పంపామనుకుని లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలో ఎంట్రీ వేయమనండి. ఇప్పటి ట్యాలీ ప్రైమ్‌లో ఆల్ట్ ఎఫ్5 నొక్కితే డెబిట్ నోట్, అంటే కొన్న సరుకు వెనక్కి పంపినప్పుడు వేసే ఎంట్రీ. పాత ట్యాలీ ఈఆర్‌పీ 9 మీద నేర్చుకున్నవాళ్లు కంట్రోల్ ఎఫ్9 అంటారు, అదీ తప్పు కాదు. చెయ్యి అలవాటుపడి ఉంటే ఇక్కడ తెలిసిపోతుంది. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలుంటారు, వాళ్లకి ఈ పరీక్ష ఊళ్లోని నెట్ సెంటర్‌లో పెట్టించి ఆ గంట డబ్బు మీరే ఇవ్వండి.

ఇంటర్వ్యూలో ఒకరు, చేరడానికి వచ్చింది ఇంకొకరు

అరుదు, కానీ జరుగుతోంది. అనుమానం వస్తే ముఖం పక్కకి తిప్పమనండి, ముఖం ముందు చెయ్యి ఆడించమనండి. ముఖం మార్చిన వీడియో అయితే చాలాసార్లు అక్కడ చెదురుతుంది. ముందే చెప్పి ఒక స్క్రీన్‌షాట్ తీసుకుని, చేరిన రోజు అదే బిల్లు ప్రశ్న మళ్లీ అడగండి. మార్కుల జాబితా డిజీలాకర్‌లో ఉంటే అక్కడి నుంచే చూపమనండి. ఆధార్‌కి చివరి 4 అంకెలే కనిపించే కాపీ చాలు. పాత చోట పీఎఫ్ ఉండేదంటే, లాగిన్ అయ్యాక ఈపీఎఫ్ఓ సైటులో సర్వీస్ హిస్టరీ తెరిచి చూపమనండి. ఓటీపీ మాత్రం మీరు అడగకూడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకోవడం అసలే వద్దు.

"సరే సార్" అన్నారు, రాలేదు

అవతలివాళ్ల ఇంట్లో ఏమనుకున్నారో చూడండి. ఎప్పుడూ చూడని మనిషి వీడియోలో మాట్లాడి ఉద్యోగం అన్నాడు. అలాంటివాళ్లే యూనిఫాం డబ్బు, రిజిస్ట్రేషన్ ఫీజు అని లాగుతారని, సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయాల్సి వస్తుందని అందరూ విని ఉన్నారు. తండ్రి "వద్దులేమ్మా" అనేస్తాడు.

అందుకే రూపాయి కూడా అడగకండి, అడగబోమని ముందే చెప్పండి. జీతం, టైము, ఆఫీసుకి రావాలా ఇంటి నుంచా అన్నది లెటర్‌హెడ్ మీద అదే సాయంత్రం పంపండి. జీఎస్టీ నంబరు అందులో ఉంటే సైటులో వాళ్లే మీ పేరు చూసుకుంటారు. ఆఫీసు రాయగడలో ఉంటే పార్వతీపురం వాళ్లు రైల్లో రోజూ వచ్చి వెళ్లగలరు. గుణుపురం వాళ్లకి గది కావాలి, అది ఎక్కడ దొరుకుతుందో, అద్దె ఎంతో కూడా అదే కాగితంలో రాయండి. ఆడపిల్లయితే ఇంట్లో పెద్దవాళ్లతో ఆఫీసులోని ఆడవాళ్ల చేత ఒకసారి మాట్లాడించండి.