పాత ఊళ్ళో పాతిల్లు కొనేముందు

మూడేళ్ళ క్రితం మేము తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి నడిచిపోయేంత దూరంలో ఒక పాతిల్లు కొన్నాం. ఇరవై ఐదు అంకణాల స్థలం, అంటే తొమ్మిది వందల చదరపు అడుగులు. ముందు తిన్నె, లోపల మద్రాసు మిద్దె, వెనక ఎప్పుడో తర్వాత పోసిన స్లాబు. ఆ డబ్బుకి ఊరి బయట కొత్త కాలనీల్లో మాకు ఫ్లాటు కూడా దొరకలేదు. దీనికంటే ముందు పద్నాలుగు ఇళ్ళు చూశాం. ఒకదానికి అడ్వాన్సు ఇచ్చి చిక్కుల్లో పడ్డాం కూడా. మా నాయన బేల్దారి మేస్త్రి. ప్రతి ఇంటికీ ఆయన్ని వెంటబెట్టుకుని పోయాను. మొదటి ఇంట్లోనే నేను "ఎన్నేళ్ళయింది కట్టి?" అని ఓనరును అడుగుతుంటే నాయన నన్ను పక్కకి పిలిచి, "వయసెందుకు పాపా, ముందు నీళ్ళు యాడికి పోతాయో చూడు" అన్నాడు. ఆ మాట వల్లే మాకు ఇల్లు కుదిరింది. అందుకే నేనూ నీళ్ళతోనే మొదలుపెడతాను.

తిరుపతికి ఉత్తరాన కొండలు, దక్షిణాన స్వర్ణముఖి. వాన పడితే కొండ నీళ్ళు ఊళ్ళోంచే కిందికి పోవాలి. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో వస్తాయి. కాబట్టి ఇల్లు వేసవిలో నచ్చినా, వీలైతే ఆ నెలల్లో ఒకసారి వాన పడుతుండగా పోయి చూడండి. అంతవరకు ఆగలేమంటే ఎదురింటి వాళ్ళని ఒకే ఒక్క ప్రశ్న అడగండి: 2021 నవంబరులో ఈ వీధిలో నీళ్ళు ఎంతదాకా వచ్చాయి? ఆ వానల్ని ఎవరూ మరిచిపోలేదు. మేము చూసిన ఆరో ఇంటికి కొత్తగా రంగు వేశారు, లోపలంతా మెరిసిపోతోంది. ఎదురింటి అవ్వ మాత్రం మమ్మల్ని వాళ్ళ వసారాలోకి పిలిచి, తలుపు పక్కన గోడ మీద మోకాలి ఎత్తులో ఉన్న గోధుమరంగు చారను వేలితో చూపించింది. "మేము కడగలేదమ్మా, వాళ్ళు రంగేసినారు" అంది. తర్వాత ఆ ఇంట్లోకి మళ్ళీ పోయి చూస్తే ప్లగ్గులన్నీ నడుమెత్తుకి మార్చి ఉన్నాయి. స్విచ్చులు అంత పైకి ఎందుకు పోయాయో అప్పుడు అర్థమైంది.

ఇంకో సంగతి, వీధి మట్టం. పాత వీధుల్లో రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు, ఇళ్ళు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. గడప రోడ్డుకంటే కిందికి ఉన్న ఇళ్ళు చాలా కనిపిస్తాయి. కంటితో చూసి చెప్పొద్దు. నాయన దగ్గర నీళ్ళు నింపిన సన్న ప్లాస్టిక్ ట్యూబు ఉండేది. ఒక కొస రోడ్డు మధ్యలో, ఒక కొస నడవలో పట్టుకుంటే రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి. అక్కడి నుంచి నేలదాకా రెండువైపులా టేపుతో కొలిస్తే తేడా అంగుళాల్లో తెలిసిపోతుంది. మా ఇంటి నడవ రోడ్డుకంటే ఏడు అంగుళాలు ఎత్తులో ఉంది. అవ్వ వీధిలో ఆ ఇల్లు నాలుగు అంగుళాలు కిందికి ఉంది. గోడలైతే బాగు చేయించుకోవచ్చు గానీ, ఇంటిని పైకి లేపడం మనలాంటి వాళ్ళ వల్ల అయ్యే పని కాదు. అలాంటి ఇల్లు ఎంత చవగ్గా వచ్చినా వదిలేయమనే చెబుతాను.

నేలలో సంపు ఉంటే దాన్నీ చూడండి. 2021 వానల తర్వాత మన తిరుపతిలోనే ఒక ఇంట్లో సిమెంటు వరలతో కట్టిన నీళ్ళ తొట్టి, లోపల కడుగుతుండగానే నేలలోంచి పైకి లేచింది. వింతేమీ కాదు, చుట్టూ భూమిలో నీరు పైకి ఉబికినప్పుడు ఖాళీ తొట్టి పడవలాగా తేలుతుంది. కాబట్టి సంపు ఖాళీ చేయించి చూసేటప్పుడు అడుగున, అతుకుల్లో చెమ్మ ఊరుతోందా అని గమనించండి. బయటి నీరు లోపలికి వస్తోందంటే లోపలి నీరు బయటికీ పోతుంది.

ఇప్పుడు మిద్దె. మా ఇంటి ముందుభాగం లాంటి మద్రాసు మిద్దెల్లో టేకు దూలాల మీద ఇటుకల్ని నిలువుగా పేర్చి, సున్నంతో కట్టి, పైన ఇటుక ముక్కల కాంక్రీటు వేసి దిమ్మిస వేసేవాళ్ళు. బాగా చూసుకుంటే తరాలు నిలుస్తుంది. అది చెడేది ఎక్కువగా ఒకే చోట: దూలం కొస గోడలోకి దూరే దగ్గర. అక్కడ చెమ్మ నిలిచి, గాలి ఆడక కర్ర మెత్తబడుతుంది. నడిమి భాగం మాత్రం నున్నగా, నల్లగా, ఏమీ కానట్టే కనిపిస్తుంది. నిచ్చెన అడిగి తీసుకుని, ఒక్కో దూలం రెండు కొసలూ స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. గట్టి టేకులో మొన గింజంత కూడా దిగదు. పన్నెండో ఇంట్లో నేను పొడిస్తే రొట్టెలోకి దిగినట్టు రెండు అంగుళాలు దిగింది. బయటికి లాగితే మొనకి తడి పొడి అంటుకుని వచ్చింది, చెదలు వాసన. ఓనరు ముఖం చూసి నాకు బాధేసింది. ఆయనకీ తెలియదు పాపం.

మిద్దె పైకి ఎక్కి కూడా చూడాలి, కానీ పదిమంది కలిసి ఎక్కొద్దు. కారుతోందని ఒకసారి సిమెంటు, ఇంకోసారి కూలింగ్ టైల్స్, పైన మరో పొర వేసుకుంటూ పోయిన మిద్దెలు ఉంటాయి. ఆ బరువంతా కింద ఉన్న పాత దూలాలే మోయాలి. పిట్టగోడ దగ్గర మందం కొలిచి, ఎన్ని పొరలున్నాయో రాసుకోండి. నీళ్ళు బయటికి పోయే తూము దగ్గర రావి మొక్క మొలిచి ఉంటే, దాని వేరు ఎంత లోపలికి పోయిందో మేస్త్రికి చూపించాలి.

స్లాబు అయితే వేరే లెక్క. కింద పెచ్చులు ఊడి కమ్మీలు కనబడుతున్నాయా అన్నది మొదటి ప్రశ్న. కమ్మి తుప్పు పడితే లావవుతుంది, లావై కాంక్రీటును తోసేస్తుంది. కాబట్టి పెచ్చు ఊడిన చోట సిమెంటు పూసి రంగు వేస్తే లోపలి తుప్పు ఆగదు. చిన్న సుత్తితో స్లాబు కింద, సజ్జల కింద మెల్లగా తట్టుకుంటూ పోండి. మంచి చోట టంగుమంటుంది, వదులైన చోట డొల్లగా పలుకుతుంది. డొల్ల చోట్లని సుద్దముక్కతో చుట్టండి. ఒకటి రెండు ఉంటే మరమ్మతు. బాత్రూము చుట్టూ అక్కడక్కడా మామూలే. గది నిండా సుద్ద గుండ్రాలే అయితే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించి, ఆయన చూసి చెప్పేదాకా ధర మాట్లాడొద్దు.

గోడ బీటలకి అందరూ భయపడతారు. నిజానికి సున్నపు గోడ మీద వెంట్రుక లాంటి బీటలు పూతవే, పట్టించుకోనక్కర్లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా పోయే బీటను, రూపాయి బిళ్ళ అంచు దూరే బీటను నిలబడి చూడాలి. అది గోడకి అవతలివైపు కూడా ఉంటే పునాది కదిలిందేమో అని అనుమానించాలి. రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి, తేదీ రాసి, నెల తర్వాత మళ్ళీ పోయి చూడండి. గీత దాటి పాకిందంటే కదలిక ఇంకా ఆగలేదు. చెమ్మ పట్టిన సున్నపు గోడకి సిమెంటు పూత పూయించి ఉంటే కూడా ఆలోచించండి. సున్నం లోపలి తడిని బయటికి వదులుతుంది, సిమెంటు దాన్ని బంధిస్తుంది. మా ఇంట్లో అలా పూసిందంతా చెక్కించి మళ్ళీ సున్నమే కొట్టించాం. సున్నపు పని తెలిసిన మనిషి కోసం రెండు నెలలు వెతకాల్సి వచ్చింది.

పక్కింటి గోడ మన గోడా, ఉమ్మడి గోడా అన్నది ఖాయంగా తేల్చుకోండి. మన దూలాలు వాళ్ళ గోడ మీద కూర్చుని ఉంటే, రేపు వాళ్ళు ఇల్లు పడగొట్టినప్పుడు మన మిద్దె గతి ఏంటి? తిరుపతిలో ఇది ఊరికే చెప్పే మాట కాదు. గుడి చుట్టుపక్కల పాతిల్లు పడితే లాడ్జి లేస్తుంది, లాడ్జి అంటే సెల్లారు తవ్వుతారు. అందుకే పక్క స్థలాలు రెండూ ఎవరివో, అమ్మకానికి ఉన్నాయో కనుక్కోండి.

కరెంటు, కొళాయి పనులు చేయించుకునేవే. వైరింగ్ అంతా మార్చాల్సిందే అనుకుని ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. ఎర్తింగు ఉందో లేదో మాత్రం చూడండి. కార్పొరేషన్ నీళ్ళు వచ్చే వేళకి పోయి ఇరవై లీటర్ల బకెట్టు ఎన్ని నిమిషాల్లో నిండుతుందో చూసుకోండి. డ్రైనేజీకి మా అమ్మ చెప్పిన ఉపాయం ఉంది. బకెట్టు నీళ్ళలో రెండు చెంచాల పసుపు కలిపి బాత్రూములో పోయండి. బయట మ్యాన్‌హోల్ మూత తెరిపించి, పసుపు నీళ్ళు అక్కడికి ఎంతసేపటికి వస్తాయో చూడండి. అసలు రాకపోతే నీళ్ళు ఇంటి కిందే ఎక్కడో ఇంకుతున్నాయని.

కొలతల దగ్గర జాగ్రత్త. తిరుపతిలో అంకణమంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. ధర అంకణాల్లో మాట్లాడినా కాగితం మీద అడుగుల్లోనే రాయించండి. నాలుగువైపులా మీరే టేపు పట్టండి. పాత దస్తావేజులోని కొలతకీ స్థలంలోని కొలతకీ తేడా వస్తే, అది ఎవరి గోడలో కలిసిందో రిజిస్ట్రేషన్‌కి ముందే తేలాలి.

ఇక కాగితాలు. మేము దెబ్బతిన్నది ఇక్కడే. తొమ్మిదో ఇల్లు అన్నివిధాలా నచ్చింది. అన్నదమ్ములిద్దరూ సంతకానికి సిద్ధం, మధ్యవర్తి "క్లియర్ టైటిల్ అమ్మా, టెన్షన్ వద్దు" అన్నాడు. యాభై వేలు అడ్వాన్సు ఇచ్చాం. పది రోజుల తర్వాత ఊరి నుంచి వాళ్ళ అక్క ఫోన్ చేసి, "నన్నడక్కుండా నాయనిల్లు ఎట్ట కొంటావమ్మా?" అని అడిగింది. ఆమె అడిగిందాంట్లో తప్పేమీ లేదు. అది తాతల నాటి ఆస్తి, తండ్రి వీలునామా రాయలేదు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత కూతురికీ కొడుకుతో సమానంగా హక్కు ఉంది. అంతకుముందే, 1985 నుంచి మన రాష్ట్రంలో అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి ఆ హక్కు ఇచ్చారు. యాభై వేలలో ముప్పై వేలు తిరిగి వచ్చేసరికి ఏడాది పట్టింది. కాబట్టి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ చూసి, అందులో ఉన్న ప్రతి పేరూ, ముఖ్యంగా ఆడబిడ్డల పేర్లు, సంతకాల్లో ఉండేట్టు చూసుకోండి. కుదిరితే వాళ్ళతో నేరుగా ఒకసారి మాట్లాడండి.

ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆన్‌లైన్లో 1983 నుంచి దొరుకుతుంది. పాతిల్లు కాబట్టి అంతకు ముందువి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో అడిగి తీసుకోవాలి. లింకు డాక్యుమెంట్లన్నీ, అంటే ఆ ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన దస్తావేజులన్నీ, ఒరిజినల్సే చూడండి. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు హక్కు పత్రాలు కావు. మన ఊళ్ళో మరో ముఖ్యమైన సంగతి ఉంది: గుళ్ళకి, మఠాలకి చెందిన స్థలాలు పాత ఊళ్ళో చాలా ఉన్నాయి. ఆ స్థలం సర్వే నంబరు, రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో (22ఏ నిషేధిత జాబితా అంటారు) ఉందేమో చూడకుండా రూపాయి కూడా ఇవ్వొద్దు. రేపు పడగొట్టి కట్టుకునే ఆలోచన ఉంటే కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్‌లో రోడ్డు వెడల్పు చేయడానికి గీసిన గీత ఎక్కడిదాకా ఉందో అడగండి. ఇరవై ఐదు అంకణాల్లో ఐదు అంకణాలు రోడ్డుకి పోతే మిగిలేది వేరే ఇల్లు.

ధర మాట్లాడేటప్పుడు స్టాంపు, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం, లాయరు ఫీజు, మరమ్మతు, ఈ మూడూ కలిపి రాసుకుని కూర్చోండి. మరమ్మతు లెక్క మేస్త్రితో రాయించిన తర్వాత దానిమీద మూడో వంతు కలపండి. మేము కలపలేదు, వెనక గది నేల తవ్వాక పాత లెట్రిన్ గుంత బయటపడి ఆ మేరకు అప్పు చేశాం. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్నే ఇంకోసారి ఈసీ తీసి, మధ్యలో ఎవరికీ తనఖా పెట్టలేదని చూసుకుని అప్పుడు బయల్దేరండి. తాళాలు చేతికి వచ్చేటప్పుడు మీటరు రీడింగు ఫోటో తీసి, పాత బకాయిలు ఎవరు కట్టాలో అక్కడే కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి.